బాల్ పైథాన్ పెట్టెలో తేమ
పశ్చిమ ఆఫ్రికాలో బొరియల్లోనూ చెదపుట్టల్లోనూ తలదాచుకునే చిన్న కొండచిలువ బాల్ పైథాన్‌కు గాలిలో తేమ సుమారు 60 నుంచి 80 శాతం ఉండాలి. చలికాలమంతా హీటరు నడిచే మా అమెరికా ఇంట్లో, అందులోనూ జాలీ మూత గల గాజు పెట్టెలో, ఆ తేమ దానంతటది నిలవదు. అందుకే గాలి ఆడేంత వదిలి, మిగతా జాలీని కప్పేస్తాను. రోజూ నీళ్లు చిలకరించమనే సలహా నాకు నచ్చదు: కాసేపు తేమ మీటరులో అంకె పెరుగుతుంది గాని, పైపొర ఎప్పుడూ తడిగా ఉంటే పాము పొట్ట పొలుసులు కుళ్లే ప్రమాదం ఉంది. మందంగా పరిచిన కొబ్బరి పొట్టుకు మూలల్లో నీరు పోస్తే అడుగు తడిసి, పైభాగం పొడిగానే ఉంటుంది. కుబుసం ముక్కలుగా ఊడినా, కంటిపై పాత పొర మిగిలినా, దాన్ని లాగకుండా, పాము దూరేలా తడి నాచు నింపిన డబ్బాను లోపల పెట్టడం మేలు.