బెల్లానికి వేరే ఇల్లు

శనివారం, అక్టోబర్, మెల్‌బోర్న్

మేం ఇంట్లో పెంచుకుంటున్న బియర్డెడ్ డ్రాగన్లు (ఇక్కడి సరీసృపాలు) రెండు, మిర్చీ బెల్లమూ. ఇవాళ బెల్లాన్ని వేరే పెట్టెలోకి మార్చేశాం. ఇక ఆ రెండింటినీ మళ్ళీ కలిపేది లేదు.

పొద్దున లైట్లు వేసేసరికి బెల్లం తోక చివర నెత్తురు. గోరంత ముక్క లేదు. మిర్చి పెట్టెలో వేడి కోసం పెట్టిన దీపం కింద రాయి ఎక్కి కూర్చుంది. గడ్డం మొత్తం నల్లబడి ఉంది, గబగబా తల ఊపుతోంది. బెల్లం మూల కుండ వెనక నక్కి, ఒక ముందు కాలు ఎత్తి మెల్లగా గాల్లో తిప్పుతోంది. అలా చెయ్యి ఊపినప్పుడల్లా మావాడు "హాయ్ చెప్తోంది" అని తనూ చెయ్యి ఊపేవాడు. "నేను నీ జోలికి రాను, నన్నొదిలెయ్" అని దానర్థమని జంతువుల డాక్టరమ్మ చెప్పగానే వాడి మొహం చిన్నబోయింది.

అమ్మ మాత్రం తల ఊపడం చూడగానే గుర్తుపట్టేసింది. "ఇది మన కంచె మీద తొండేనే, అదీ ఇట్టాగే ఊపుద్ది" అంది. నిజమే, రెండూ ఒకే కుటుంబం జీవులు. కానీ "తోకేగా, బల్లికి వచ్చినట్టు మళ్ళీ వస్తుందిలే" అన్నది మాత్రం జరగదు. బియర్డెడ్ డ్రాగన్ తోక తెగితే తెగినట్టే. పైగా తెగిన చోటు నల్లబడి పైకి పాకిందంటే కుళ్ళు పట్టినట్టు, ఇంకొంచెం కోయాల్సి వస్తుంది. నీళ్ళు కలిపిన బెటాడిన్‌తో తుడవమన్నారు. పెట్టెలో ఇసుక తీసేసి పేపర్ టవల్ పరిచాం.

ఈ రెండూ మావాడి స్నేహితుడి ఇంటినుంచి జంటగానే వచ్చాయి. వాళ్ళు వేరే రాష్ట్రానికి మారిపోతున్నారు. లైసెన్స్ తీసుకుని మేం తెచ్చుకున్నాం. అప్పటికి చలి మొదలైంది, రెండూ నిద్రలోకి జారుకున్నాయి. చలికాలమంతా ఒకదాని పక్కన ఒకటి. వసంతం వచ్చి ఒళ్ళు వెచ్చబడ్డాక గొడవ మొదలైంది. ఇది వాటికి జత కట్టే కాలం. ఒకటి ఆడది అనుకుంటూ వచ్చాం. డాక్టరమ్మ వెల్లకిలా తిప్పి, తొడల కింద వరసగా ఉన్న రంధ్రాలూ తోక మొదట్లో ఉబ్బులూ చూపించి, రెండూ మగవేనని తేల్చింది.

నన్ను బాగా కలవరపెట్టింది తోక కాదు. మిర్చి బెల్లం వీపు మీద పడుకున్న ఫొటో మా కుటుంబం గ్రూపులో పెడితే అందరూ ముచ్చట పడ్డారు. అది ప్రేమ కాదట. పైనున్నది వేడినీ వెలుగునూ తను తీసుకుని, కిందదాన్ని అణచిపెడుతోంది. వీటికి దీపం కింద 40 డిగ్రీల దాకా వేడి ఉంటేనే తిన్నది అరుగుతుంది. ఎండలో ఉండే యూవీబీ (ఒక రకం అతినీలలోహిత) కాంతి ఒంటికి తగిలితేనే విటమిన్ డి3 తయారై కాల్షియం ఎముకకు పడుతుంది. కాటు ఇవాళ పడింది గానీ, బెల్లం ఎప్పటినుంచో వెలుగుకి దూరమవుతూ వచ్చింది. తూకంలో మిర్చి కన్నా బాగా తక్కువ ఉంది.

మా విక్టోరియా రాష్ట్రానికి వాయవ్యాన ఉన్న మాలీ ప్రాంతంలో ఈ జాతి అడవిలోనే ఉంటుంది. కంచె గుంజ మీదో మొద్దు మీదో ఒంటరిగా కూర్చుని తన చోటు కాచుకుంటుంది. ఓడింది పారిపోతుంది, తగువు అక్కడితో సరి. నాలుగడుగుల గాజు పెట్టెలో ఓడింది ఎక్కడికి పారిపోతుంది? రెండు గిన్నెలు పెట్టినా, రెండు రాళ్ళు పెట్టినా ఈ ప్రశ్నకి జవాబు రాదు.

"ఒక్కటే ఉంటే బెంగ పెట్టుకోదూ, పాపం?" అని అమ్మ సాయంత్రం దాకా అడుగుతూనే ఉంది. ఇంటినిండా మనుషుల మధ్య బతికిన మనిషికి ఒంటరితనం శిక్షలాగే కనిపిస్తుంది. "అమ్మా, దీనికి తోడు అక్కర్లేదు, ఎండ కావాలి" అన్నాను. కాసేపటికి తనే గుమ్మడికాయ సన్నగా తురిమి తెచ్చింది. బెల్లం తిన్నది. ఎవరూ మీదకి రాకుండా, గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నది. అమ్మ అక్కడే కింద కూర్చుని చూసింది.

రెండు పెట్టెల మధ్య నల్ల అట్ట అడ్డం పెట్టాం. కనపడితే చాలు, అద్దం మీద కాళ్ళతో గీరుతూ రెండూ అలిసిపోతాయి. ఒకదాన్ని తాకాక చేతులు సబ్బుతో కడుక్కునే ఇంకోదాని దగ్గరికి వెళ్ళాలని మావాడికి చెప్పాను.

వాడు రాత్రి మెల్లగా "పోనీ మిర్చికి ఒక ఆడదాన్ని తెద్దామా?" అని అడిగాడు. వద్దన్నాను. మగది దాన్ని ఊరకే ఉండనివ్వదు. మెడ కొరికి పట్టుకుంటుంది, అది గుడ్ల మీద గుడ్లు పెట్టి నీరసించిపోతుంది. వీటికి పదేళ్ళ పైనే ఆయుష్షు. అన్నేళ్ళూ హాల్లో రెండు పెట్టెలు ఉంటాయని చెప్తే వాడు బుద్ధిగా తలూపాడు.

బెల్లం ఇప్పుడున్నది చిన్న పెట్టె, తాత్కాలికం. దానికీ నాలుగడుగులది కావాలి. ఆయన టేపు పట్టుకుని హాల్లో గోడ కొలుస్తున్నారు. సోఫాని కిటికీ వైపు జరపాలి.