మేనేజ్‌మెంట్ ఆప్షనల్: స్ట్రాటజిక్ ఫ్లెక్సిబిలిటీ నేనెలా చదివానంటే

సివిల్స్ మెయిన్స్‌కి మేనేజ్‌మెంట్ ఆప్షనల్ తీసుకున్నవాళ్లు పేపర్ 2 సిలబస్ ఒకసారి చూడండి. కోర్ కాంపిటెన్స్, దాని పక్కనే స్ట్రాటజిక్ ఫ్లెక్సిబిలిటీ ఉంటాయి. ఈ రెండింటికీ నేను వేరువేరు నోట్స్ రాసుకోలేదు. కోర్ కాంపిటెన్స్ అంటే కంపెనీకి బాగా వచ్చిన పని, అందులోనే ఇంకా లోతుకు వెళ్లమంటారు ఆ మాట తెచ్చిన ప్రహ్లాద్, హామెల్ (1990). ఆ పనికే అతుక్కుపోతే మునుగుతావంటుంది రెండోది. విడివిడిగా చదివితే ఈ పేచీ కనబడదు. బలమే బంధనంగా మారడాన్ని డొరతీ లెనార్డ్-బార్టన్ 1992లో కోర్ రిజిడిటీ అన్నారు. రెండు టాపిక్‌లనూ కలపడానికి ఆ ఒక్క మాట చాలు.

స్ట్రాటజిక్ ఫ్లెక్సిబిలిటీకి ‘పరిస్థితులను బట్టి మారడం’ అని నిర్వచనం రాసి ఊరుకోకండి, అది సగమే. మారాల్సిన రోజు వచ్చేసరికి అందుకు కావలసినవి ముందే చేతిలో ఉండాలి. రాన్ సాంచెజ్ (1995) దీన్ని రెండుగా విడదీశారు. మొదటిది వనరులది: ఒక యంత్రమో టెక్నాలజీయో ఎన్ని పనులకు పనికొస్తుంది, ఒక పని నుంచి ఇంకో పనికి మార్చాలంటే ఖర్చెంత, టైమెంత? రెండోది సమన్వయానిది: ఆ వనరులను కొత్తగా కూర్చి పనిలో పెట్టే నేర్పు కంపెనీకి ఉందా? ఈ ఫ్లెక్సిబిలిటీ గురించి ముందే రాసిన స్ట్రాటజీ పండితుడు ఆన్సాఫ్ గురించి ఒక వాక్యం రాస్తే సరిపోతుంది.

ఇక కేస్ స్టడీ. ఫొటో ఫిల్మ్ కంపెనీలు కోడాక్, ఫ్యూజీల జంట అందరూ రాసేదే, కానీ చాలామంది ‘కోడాక్ నిద్రపోయింది’ అని తేల్చేస్తారు. నాకది అన్యాయం అనిపిస్తుంది. డిజిటల్ కెమెరాను 1975లో తయారుచేసింది కోడాక్ ఇంజినీరే. 1988లో స్టెర్లింగ్ డ్రగ్ అనే మందుల కంపెనీని కూడా కొన్నారు. 1994కల్లా దాన్ని వదిలించుకున్నారు, అదే ఏడాది రసాయనాల విభాగం ఈస్ట్‌మన్ కెమికల్‌ను విడిగా కంపెనీ చేసేశారు. అంటే వేరే దారి పట్టడానికి పనికొచ్చే వనరులు సినిమా రీలు, ఫొటో ఫిల్మ్ బాగా అమ్ముడవుతున్న రోజుల్లోనే చేజారాయి. 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేశారు.

ఫ్యూజీ అదే కెమిస్ట్రీని కొత్త పనులకు పెట్టింది. ఫొటో ఫిల్మ్‌లో వాడే టీఏసీ అనే పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఎల్‌సీడీ తెరలకు పనికొచ్చింది. కొల్లాజెన్ (ఫిల్మ్ తయారీలో వాడే, చర్మంలోనూ ఉండే ప్రొటీన్) మీద, ఫొటోలు వెలిసిపోకుండా ఆపే యాంటీ ఆక్సిడెంట్ల మీద ఉన్న పట్టుతో 2007లో ఆస్టాలిఫ్ట్ చర్మ సౌందర్య ఉత్పత్తులు తెచ్చారు. సాంచెజ్ మొదటి భాగానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అయితే ఇది నొప్పి లేకుండా జరగలేదు. 2006లో ఫొటో వ్యాపారంలో 5,000 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించారు. ఈ వాక్యం కూడా రాయండి, జవాబు ఒకవైపే మొగ్గకుండా ఉంటుంది.

మన దేశపు ఉదాహరణ కావాలంటే బజాజ్ ఆటో. 2009లో స్కూటర్లు మానేసి మోటార్‌సైకిళ్ల మీదే దృష్టి పెట్టాలని రాజీవ్ బజాజ్ నిర్ణయించారు. ఎగుమతుల్లో అది బాగా కలిసొచ్చింది. ఇటు దేశంలో స్కూటర్ల మార్కెట్ పెరిగితే యాక్టివా దున్నేసింది. చివరికి 2020లో బజాజ్ ఎలక్ట్రిక్ చేతక్‌తో మళ్లీ వచ్చింది. ఆ నిర్ణయం తప్పా ఒప్పా అని ఎగ్జామినర్‌కి తీర్పు చెప్పక్కర్లేదు, ఒకదానికి కట్టుబడితే ఇంకోటి వదులుకోవాల్సి వస్తుందని చూపిస్తే చాలు.

10 మార్కుల ప్రశ్నకు 150 పదాల్లో సాంచెజ్, బజాజ్ సరిపోతాయి. ఫ్యూజీ కథ 15, 20 మార్కుల వాటికి దాచుకోండి.