మీటర్‌లో 38, ఒంట్లో కామెర్లు

హన్మకొండలో మేముండే గల్లీలో నల్లా నీళ్లు తాగే ఇల్లు ఒక్కటి కూడా లేదు. నల్లా నీళ్లు బట్టలకు, గిన్నెలకు. తాగడానికి ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్. పొద్దున్నే ట్రాలీ ఆటో వస్తుంది, ఖాళీ క్యాన్ ఇచ్చి నిండుది దింపుకుంటాం. క్లోరిన్ వాసన రాదు, పప్పు తొందరగా ఉడుకుతుంది, నోటికి తియ్యగా ఉంటాయి. మా అత్తమ్మ ఒక్కతే "గోదారి నీళ్లు ఇంటికొస్తుంటే కొనుక్కునుడేందే" అని గొణిగేది.

వేసవి మొదట్లో నాకు జ్వరం వచ్చింది. స్కూల్ పరీక్షల టెన్షన్ అనుకున్నాం. తర్వాత అన్నం వాసనకే వాంతి, మూత్రం చిక్కటి టీ డికాషన్‌లా. ఒకరోజు అటెండెన్స్ తీస్తుంటే మొదటి బెంచీ పిల్ల "టీచర్, మీ కండ్లు పచ్చగున్నయి" అంది. రక్తపరీక్షలు, స్కానింగ్, అడ్మిషన్ మామూలే. లివర్ దెబ్బ చూపే ఎస్‌జీపీటీ వేలల్లో ఉంది, కళ్లను పచ్చగా చేసే బిలిరుబిన్ 12 దాటింది, కలుషిత నీళ్లతో సోకే వైరస్ హెపటైటిస్ ఈ పాజిటివ్.

బంధువుల వైద్యం వేరే నడిచింది. ఒకరు పసరు పోయించమన్నారు, ఒకరు పసుపు, నూనె వాసన కూడా చూడొద్దన్నారు. మా ఆడబిడ్డ భర్తయితే లివర్‌కు చలువ అని రోడ్డు పక్కన ఐస్ వేసిన చెరుకు రసం పట్టుకొచ్చాడు. ఆ ఐస్ ఏ నీళ్లతో చేశారో ఆ దేవుడికే తెలియాలి! పెద్ద డాక్టరుగారు మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పారు: "దీనికి ప్రత్యేకంగా మందు లేదమ్మా. చాలామందికి లివర్ తనే కోలుకుంటుంది. నోటికి సయించింది తినండి, రెస్టు తీసుకోండి. పారాసెటమాల్ కూడా నన్నడక్కుండా వేసుకోవద్దు, పసర్లు అసలే వద్దు." ఆయనకు చేతులెత్తి మొక్కుతాను.

చిన్న డాక్టరును మాత్రం క్షమించలేను. సాయంత్రం రౌండ్‌కు వచ్చి, కేసు షీటులోంచి తలెత్తకుండానే ఇంట్లో ఎవరెవరున్నారని అడిగాడు. మా బిడ్డ పురుడుకు వచ్చిందని, ఏడో నెల అని చెప్పాను. "ఆమె కూడా అవే నీళ్లు తాగుతోందా? అయితే ఆమెకే డేంజర్. చివరి మూడు నెలల్లో ఇదొస్తే నలుగురైదుగురిలో ఒకరు పోతారు" అనేసి పక్క బెడ్‌కు వెళ్లిపోయాడు. లెక్క తప్పేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చివరి మూడు నెలల్లో సోకితే మరణాలు 20 నుంచి 25 శాతం దాకా ఉండొచ్చనే చెబుతుంది. కానీ లేవలేని మనిషికి ఆ మాట నిలబడి అలా చెప్పి పోతారా?

ఆ రాత్రి నాకు నా లివర్ గుర్తే రాలేదు. పదకొండు గంటలకు బిడ్డకు ఫోన్ చేసి మూత్రం ఏ రంగులో ఉందని అడిగాను. "మంచిగనే ఉంది, పండుకో అమ్మా" అని విసుక్కుంది. నిద్ర పడితేనా? మళ్లీ మా ఆయనకు చేసి, దాని కళ్లు ఫోటో తీసి పంపమన్నాను. నిద్ర లేపి, రెప్ప కిందికి లాగి తీసి పంపాడు. చూస్తే తెల్లగుడ్డు పచ్చగా ఉంది. నాకు నోట మాట రాలేదు. సెలైన్ సూది ఉన్న చేత్తోనే మంచం దిగబోతుంటే నర్సమ్మ ఉరికొచ్చింది. ఫోన్ తీసుకుని దగ్గరగా పెట్టుకుని చూసి, "ఆయన వేళ్లు కూడా పచ్చగనే కనబడుతున్నయి గదమ్మా, వెనుక గోడ కూడా. ఇది బల్బు రంగు. ట్యూబ్‌లైటు కింద తీయమనుండ్రి" అంది. రెండో ఫోటో వచ్చేదాకా నా పక్కనే నిలబడింది. కళ్లు తెల్లగా ఉన్నాయి. నర్సమ్మ డ్యూటీ మారి వెళ్లిపోయింది, పేరు అడగడానికి కూడా కుదరలేదు.

మర్నాడు బిడ్డకు పరీక్షలు చేయిస్తే నార్మల్ వచ్చాయి. అయినా ఈ వైరస్ బయటపడటానికి రెండు నుంచి పది వారాలు పట్టొచ్చని డాక్టరుగారు చెప్పారు. అంటే అన్నాళ్లూ రోజూ పొద్దున దాని కళ్లు చూడటమే నా పూజ.

ఇంటికొచ్చాక మా స్కూల్ సైన్స్ సార్ చిన్న పరీక్ష సీసాలు తెచ్చిచ్చారు. గీత దాకా నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచాలి. నల్లబడితే నీళ్లలో మలం కలిసినట్టు అనుమానించాలి. నల్లా నీళ్ల సీసా అలాగే ఉంది. క్యాన్ నీళ్ల సీసా తెల్లారేసరికి నల్లగా మారింది. నాకు వైరస్ ఆ క్యాన్‌లోంచే వచ్చిందని సీసా రుజువు చేయదు, నాకూ తెలుసు. కానీ గల్లీలో ఇంకా ఇద్దరికి కామెర్లు వచ్చాయి, వాళ్లదీ అదే క్యాన్.

సీసా తీసుకుని ప్లాంటుకు వెళితే, అక్కడి మనిషి గ్లాసులో మీటర్ ముంచి "మేడమ్, 38. ఇంతకన్నా ప్యూర్ ఎక్కడ దొరుకుతది" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. టీడీఎస్ మీటర్ చూపేది కరిగిన లవణాలనే, క్రిములను కాదు. నల్లా నీళ్లలో చివరిదాకా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని ప్రమాణం. ముక్కుకు తగిలే ఆ వాసనే మనకు కాపలా. ప్లాంటులో కార్బన్ ఫిల్టర్ దాన్ని తీసేస్తుంది. ఆ తర్వాత నీళ్లు ట్యాంకులో నిలవుంటాయి, పాచి పట్టిన పైపులోంచి, చేతులు పెట్టిన క్యాన్‌లోకి దిగుతాయి. ట్యాంకు ఎప్పుడు కడిగారని అడిగితే జవాబు లేదు. మీరూ మీ ప్లాంటుకు వెళ్లి ఇదే అడగండి.

అలాగని నల్లాను గుడ్డిగా నమ్మమనడం లేదు. మా గల్లీ పైపు మోరీ పక్క నుంచే వస్తుంది. సరఫరా ఆగినప్పుడు చిన్న చీలిక ఉన్నా మురుగు లోపలికి లాగేస్తుంది. 1955 చివర్లో ఢిల్లీలో యమునలోకి మురుగు మళ్లి 29 వేల మందికి పైగా కామెర్లు వచ్చాయట, సైన్స్ సార్ చెప్పారు. అది ఈ హెపటైటిస్ ఈ అని తర్వాతెప్పుడో తేలింది. అందుకే ఇప్పుడు నల్లా నీళ్లే వడకట్టి, తెర్లాక ఇంకో నిమిషం మరగనిచ్చి, మూత ఉన్న స్టీలు బిందెలో పోసి, దాని కుళాయి తిప్పి పట్టుకుంటాం. గ్లాసు ముంచడం బంద్. గ్యాస్ ఖర్చు కొంచెం పెరిగింది. ఆర్‌వో కొనలేదు, మా నల్లా నీళ్ల టీడీఎస్ 500 లోపే ఉంది. అంతకు తక్కువున్న చోట ఆర్‌వోలు వద్దని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా చెప్పింది. మా పుట్టింటి ఊరి సంగతి వేరు. అక్కడ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, మరిగిస్తే అది పోదు, వాళ్లకు ఆర్‌వో కావాల్సిందే. ముందు నీళ్లు పరీక్ష చేయించండి, తర్వాతే మిషన్ కొనండి.

మనుమరాలు నిండు నెలలకే పుట్టింది. ఆ ఫోటో రాత్రే మా ఆయన సమ్మక్క సారలమ్మకు నిలువెత్తు బంగారం, అంటే మనిషి బరువంత బెల్లం, మొక్కుకున్నాడట. నా బరువంత బెల్లమా, బిడ్డ బరువంతా అన్నది ఇంకా తేల్చడం లేదు. ఎవరిదైనా సరే, వచ్చే జాతరకు వెళ్తాం. తాగే నీళ్లు మాత్రం ఇంట్లో మరిగించి తీసుకెళ్తాం, ఈ విషయంలో అత్తమ్మ కూడా నా వైపే.