మాంగనీసు దిబ్బల మధ్య, పాత పటం పట్టుకుని

మొదటిసారి వెళ్లినప్పుడు జీడితోటలో తేలాను.

చీపురుపల్లిలో రైలు దిగి, ఆటో మాట్లాడుకుని, ఫోనులో గుర్తు పెట్టుకున్న చోటికి చేరితే అక్కడ మాంగనీసు గని లేదు, దిబ్బ లేదు, నుయ్యి లేదు. నల్లరాయి ముక్క ఒక్కటంటే ఒక్కటి లేదు. పటంలో మాత్రం సరిగ్గా అక్కడే గని గుర్తు, పక్కన నూతి గుర్తు, దాని చుట్టూ పది పన్నెండు గుడిసెల చుక్కలు. ఆటోకి రానూపోనూ ఆరువందలు. ఆ డబ్బు పెడితే విశాఖ నుంచి మా ఇంటిల్లిపాదీ పొందూరు వెళ్లి రావచ్చు. తోటలో జీడిపళ్ల వాసన మధ్య చాలాసేపు కూర్చుండిపోయాను.

తప్పు ఇంటికొచ్చాక దొరికింది. నా దగ్గరున్నది మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు షీటు. అప్పట్లో మద్రాసు అబ్జర్వేటరీ, అంటే నక్షత్రాలు చూసే వేధశాల, రేఖాంశాన్ని ఎంతగా లెక్కగట్టారో, దాన్నే ఆధారం చేసుకుని దేశం పటాలు గీశారు. ఆ లెక్క 2 నిమిషాల 27 సెకన్లు ఎక్కువని తర్వాత తేలింది. మన అక్షాంశం దగ్గర అది నాలుగు కిలోమీటర్ల పైమాటే. పటంలో అంకెలు చూసి ఫోనులో కొట్టుకున్నాను కాబట్టి, వెళ్లాల్సిన చోటికి అంత దూరం తూర్పున దిగాను.

అప్పటినుంచి అంకెల జోలికి పోవడం మానేశాను. పాత పటాన్ని ఉపగ్రహ చిత్రం మీద పరిచి, కదలని వాటితో కలపాలి: రైలు పట్టా వంపు, చెరువు గట్టు, కొండ మీద సర్వేవాళ్ల త్రిభుజం గుర్తు. ఈ మూడూ కుదిరితే మిగతావి వాటంతటవే కూర్చుంటాయి. తర్వాతి కాలంలో మైలుకి అంగుళం చొప్పున గీసిన షీటు, నంబరు 65ఎన్/11, కూడా తెచ్చి పక్కన పెట్టుకున్నాను. పాతదాంట్లో ఉండి ఇప్పటి చిత్రంలో లేనిదే నాకు కావాలి. గుడిసెల చుక్కలు రెండు షీట్లలోనూ ఉన్నాయి. ఇప్పుడక్కడ ఖాళీ పొలం.

ఇంత తాపత్రయం మా మామ్మ కోసం. ఆవిడ గనుల్లో మాంగనీసు ఖనిజం కొట్టిన మనిషి. చిన్న సుత్తితో రాళ్లు పగలగొట్టి, మంచి ముక్కలు ఒకవైపు, పనికిరానివి ఒకవైపు. నా చిన్నప్పటికి పని మానేసి చాలా ఏళ్లయినా గోళ్ల మొదట్లో ఆ నలుపు పోలేదు. ఎక్కడ చేశావే అంటే 'కోడూరు అవతల' అనేది, అంతే. మనదేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే ఆ కోడూరులో, 1892లో. అక్కడి రాయికి ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త కోడురైట్ అని ఊరి పేరే పెట్టాడు. ఆ పేరు పుస్తకాల్లో నిలిచింది గానీ, రాయి కొట్టిన ఆడవాళ్ల గుడిసెలు ఎక్కడుండేవో చెప్పే బోర్డు ఒక్కటి లేదు.

రెండోసారి ముందు పొలం రైతుని ఫోనులో పట్టుకుని ఒప్పించాను. విజయనగరంలో పాసింజరు ఎక్కి, నెల్లిమర్ల, గరివిడి దాటి మళ్లీ చీపురుపల్లి. టీ కొట్టు దగ్గర ఇద్దరు కుర్రాళ్లు నా పొడుగాటి సంచీ వైపే చూస్తున్నారు. లోపల మెటల్ డిటెక్టర్ ఉందని దాని పిడి చూస్తేనే తెలిసిపోతుంది.

"ఎక్కడ బావూ, లంకెబిందెలు?" అన్నాడొకడు.

వాడి తప్పు కాదు. రాత్రిళ్లు గుప్తనిధులని గుళ్లు తవ్వేవాళ్ల పుణ్యమా అని ఈ యంత్రం పట్టుకున్న ప్రతివాడూ దొంగే అయ్యాడు. అయినా మనసు చివుక్కుమంది. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉందనీ, భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలపాలనీ, రామతీర్థం గురుభక్తుల కొండ, శాలిహుండం లాంటి పాత బౌద్ధ క్షేత్రాల్లో అసలు సంచీయే విప్పననీ వాళ్లకి చెప్పాను. విన్నారు. నమ్మారో లేదో. టీ పదిహేను రూపాయలు, గ్లాసు బొటనవేలంత.

పొలం దగ్గర పరిస్థితి ఇంకోరకం. యంత్రం ఆన్ చేయగానే కీచుమంది. నేలంతా మోత. చుట్టూ పాత గోతుల్లోంచి తీసి పోసిన దిబ్బలే కదా, రాయి ముక్క ఎక్కడ పడితే అక్కడ ఉంది. జేబులో అయస్కాంతం తీసి ఒక నల్లముక్కకి పెడితే ఠక్కున అంటుకుంది. గరివిడి రాళ్లలో ఇలా అయస్కాంతానికి లొంగే ఖనిజాన్ని ఫెర్మరే గుర్తించి, తోటి శాస్త్రవేత్త పేరు మీద వ్రెడెన్‌బర్గైట్ అన్నాడు. చదివినప్పుడు అదొక పేరు, అంతే. ఆ ఎండలో అది నా చెవుల్లో మూడు గంటలు అరిచింది. సెన్సిటివిటీ సగానికి దించి, పది అడుగులకోసారి నేల మోతకి తగ్గట్టు యంత్రాన్ని సరిచేసుకుంటూ నూతి గుర్తు చుట్టూ తిరిగాను. రెండు మేకులు, ఒక ఎద్దు లాడం ముక్క. గుడిసెల చుక్కలున్నచోట అసలేమీ లేదు.

మధ్యాహ్నం రైతు తల్లి చోడి (రాగి) అంబలి తెచ్చింది. ఎనభై దాటిన మనిషి, నడుం వంగింది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుని రెండు చెంబులు తాగాను. మామ్మ పోయాక అంత చల్లటి అంబలి తాగలేదు. పటం విప్పి గుడిసెల చుక్కలు చూపిస్తే ఆవిడ కాగితం వైపు చూడనే లేదు.

"గుడిసెల కాడ ఏటుంటాది బావూ? ఆకులు, మట్టి. డబ్బులు గుడిసెకి ఎప్పుడొచ్చినాయి గనక? అల్లక్కడ సింతసెట్టు ఉండీది. శనోరం సాయంత్రం కూలి అక్కడే ఇచ్చీవోరు. పక్కనే కల్లు కొట్టు. మా అమ్మ రాయి కొట్టీది, నాను ఏరీదాన్ని. మా అయ్య సెట్టు కాడి నుంచి ఇంటికొచ్చీసరికి సేతిలో ఏటీ మిగిలీది కాదు."

పటంలో చింతచెట్టు లేదు. రెండు షీట్లలోనూ లేదు. గనుల ప్రాంతంలో గనిని వెతకకూడదు, మనుషులు ఆగిన చోటు వెతకాలని నాకు తెలుసు. కానీ ఆగిన చోటంటే గుడిసె అనుకున్నాను. డబ్బు చేతులు మారిన చోటని తట్టలేదు.

ఆవిడే ముందు నడిచింది. నూతికి ఎనభై అడుగుల దూరంలో ముళ్లపొదల్లో ఒక మొద్దు, చెదలు తినగా మిగిలింది. దాని పడమటి పక్క నాలుగో నిమిషంలోనే కీచుమోత మధ్య ఒక గుండ్రటి, స్పష్టమైన మోగుడు. జానెడు లోతు కూడా లేదు. మట్టి రాలిస్తే చిల్లు కాణీ. యుద్ధకాలంలో రాగి పొదుపు కోసం 1943 నుంచి 1947 దాకా ముద్రించిన రకం. 1944 అని అంకె కనబడుతోంది. చేతులు వణికాయి.

మామ్మ ఇక్కడే చేసిందో, ఇంకో గనిలో చేసిందో చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ముసలావిడ చేతిలో కాణీ పెట్టాను, పొలం వాళ్లది కదా. చిల్లులోంచి ఎండ వైపు చూసింది.

"దీనికి గుప్పెడు సెనగలొచ్చీవి," అని కొంగున ముడేసుకుంది. కాసేపు ఊరుకుని, "నా ముక్కుపుడక కూడా నూతి కాడే పడిపోనాది బావూ. పెళ్లైన ఏడాదే. మా అత్త సంపీసింది నన్ను. తొలకరికి దుక్కి సేసినాక, ఇత్తు ఎయ్యకముందు రా. ఎతుకు."

ముక్కుపుడకకి యంత్రం అడుగున నేల మీద తిప్పే ఈ కాయిల్ పనికిరాదు, చిన్నది కావాలి. ఆరేడు వేలు చెబుతున్నారు. కొంటున్నాను. చీపురుపల్లి ఆటోవాడితో ఇప్పుడే నాలుగొందలకి మాట్లాడి పెట్టుకున్నాను.