జాఫ్రా రంగు లిప్ బామ్: వేసవి పాళ్లు కుదిరాయి

లిప్ బామ్ రంగు కోసం ఇక వెతుకులాట లేదు, జాఫ్రాతోనే స్థిరపడ్డాను. అది గింజల నుంచి నారింజ రంగునిచ్చే మొక్క. బీట్‌రూట్ రసం వాడమని చాలామంది చెబుతారు. ఆ ఎరుపు నీటిలో కరిగేది. నూనె, మైనం ఉన్నచోట అది కలవదు, అడుగున చుక్కలుగా మిగిలిపోతుంది. పైగా నీటి చెమ్మ ఉంటే మన కోనసీమ గాలికి బూజు ఖాయం. మందార రేకులదీ ఇదే కథ. జాఫ్రా గింజ పైపొరలోని బిక్సిన్ అనే రంగు పదార్థం మాత్రం నూనెలోకి దిగుతుంది. వెన్నకు, చీజుకు రంగు వేసేదీ దానితోనే కాబట్టి పెదవులకు రాయడానికి నాకు జంకు లేదు. అయినా కొందరికి పడదు. ముందు మోచేతి లోపలివైపు కొంచెం రాసి ఒక రోజు చూసుకోవాలి.

మొక్క కడియం నర్సరీలో కొన్నదే. కాయలు ఎండి పగిలాక గింజలు రాల్చుకుంటాను. వాటిని ముట్టుకుంటే గోళ్ల సందుల్లో చేరిన నారింజ రంగు ఒక పట్టాన వదలదు. 10 గ్రాముల గింజలకు 100 గ్రాముల గానుగ కొబ్బరినూనె. గింజలను దంచకూడదు, దంచితే పొడి దిగి, వడకట్టినా గరగర పోదు. వేడినీళ్ల గిన్నెలో నూనెగిన్నె ఉంచి, 70 డిగ్రీలు దాటనీయకుండా గంటసేపు కాచి, రాత్రంతా వదిలేసి నూలుగుడ్డలో వడకట్టాలి. నేరుగా పొయ్యి మీద మరిగిస్తే ఎరుపు పోయి పసుపు మిగులుతుంది. సీసా వెలుతురు తగలని చోట ఉండాలి. వంటింటి అల్మారాలో పెడితే మా అత్తయ్య ఆవకాయ మీద తేరిన నూనె అనుకున్నారు. ఇప్పుడు చీటీ అంటించాను.

అసలు తంటా ఎండతోనే. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. 50 గ్రాముల బామ్‌కు 10 గ్రాముల తేనెమైనం, 25 రంగు నూనె, 15 ఆముదం చలికాలానికి సరిపోతాయి. అదే డబ్బా మే నెలలో అమలాపురం బస్సెక్కితే సంచంతా నూనే. అందుకని వేసవికి మైనం 15 గ్రాములు, రంగు నూనె 20, ఆముదం 15. డబ్బాల్లో పోసేముందు ఒక చుక్కను చల్లటి స్టీలు పళ్లెం మీద వేసి వేలితో నొక్కి చూస్తాను. గోరు దిగబడితే మైనం చాలలేదన్నమాట.

తరువాత చేయబోయేది సబ్బు. దాని రంగుకు రతన్‌జోత్ అనే మొక్క వేరు. అది నూనెలో ఎర్రగా దిగినా, కాస్టిక్ సోడా క్షారానికి ఊదా, నీలం వైపు తిరుగుతుంది. నాకు ఆ ఊదాయే కావాలి. కానీ సబ్బు ముక్కలు గాలికి నాలుగైదు వారాలు ఆరాలి, ఈ వానల్లో అది కుదరదు. కార్తీకంలో మొదలుపెడతాను.