నదుల పంచాయితీ

రాత్రి ఇంగ్లిష్ కవి మైకేల్ డ్రేటన్ రాసిన పెద్ద కావ్యం ‘పాలీ-ఆల్బియన్’ పట్టుకుని కూర్చున్నా. 1612లో మొదటి భాగం, 1622లో రెండోది, మొత్తం 30 పాటలు. ఇంగ్లండ్, వేల్స్‌లోని కొండలూ నదులూ అడవులూ అందులో నోరు విప్పి మాట్లాడతాయి. నిజం చెప్పాలంటే కొన్ని పేజీలు ఉత్త పేర్ల చిట్టా, ఆవలింతలే. కానీ నాలుగో పాట ఉంది చూశారూ! బుల్లి లండీ దీవి మాదంటే మాదని ఇటు ఇంగ్లండ్ నదులూ, అటు వేల్స్ నదులూ పాటల పోటీకి దిగుతాయి. తగువు తీర్చే పెద్దమనిషి సెవెర్న్ నది. ఐదో పాటలో ఆవిడ తీర్పు: దీవి ఇద్దరిదీ. కృష్ణా నీళ్ల తగాదాలు వింటూ పెరిగినవాళ్లకు నవ్వు రాక మానదు! పుస్తకంలోని మ్యాపులు మరీ ముద్దొస్తున్నాయి, నదుల్లో నిలబడ్డ అమ్మాయిలు, పట్టణాల నెత్తిన బురుజుల కిరీటాలు. పాపం, మొదటి భాగం సరిగా అమ్ముడుపోలేదు. రెండో భాగం ముందుమాటలో పుస్తక వ్యాపారుల్ని డ్రేటన్ కడిగిపారేశాడు.