కరిగిపోతది అన్నారు

ఐరన్ గోలీలు నాకు కొత్త కాదు. పరకాల దగ్గర ఒక ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్‌ని. 2015లో ఆరోగ్యలక్ష్మి భోజనం మొదలైనప్పటి నుంచి గర్భిణులకు అన్నం, పప్పు, గుడ్డు, పాలతో పాటు ఎర్ర గోలీ కూడా మా ముందరే మింగిస్తున్నాం. ఇప్పుడు ఒక్కో గోలీలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. చాయ్‌తో వేసుకోవద్దని, దొడ్డికి నల్లగా పోతే భయపడొద్దని, నిమ్మరసం మంచిదని ఎంతమందికి చెప్పానో. పాలు తాగించే పూటే ఆ గోలీ కూడా ఇవ్వమనడం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పాలల్లోని కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదని ట్రైనింగుల్లో చెప్పేది కూడా మా పైవాళ్ళే. సరే, అది వేరే గొడవ. ఆ గోలీ కడుపులోకి కాక ఊపిరిగొట్టంలోకి పోతే ఏమవుతుందో మాత్రం ఏ ట్రైనింగులోనూ వినలేదు.

నాకు గర్భసంచిలో గడ్డలు. నెలనెలా రక్తం పోయి పోయి హిమోగ్లోబిన్ ఏడుకు పడిపోయింది. రక్తం ఎక్కించి, హనుమకొండలోని ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో గర్భసంచి తీసేశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ సర్జన్ మేడమ్ చేతికి ఇప్పటికీ దండం పెడతాను.

ఆపరేషన్ అయిన మర్నాడు రాత్రి సంగతి ఇది. వార్డులో లైట్లు తీసేశారు. మా అత్తమ్మ కింద చాప మీద అప్పుడే కునుకు తీసింది. సిస్టర్ గోలీలు పట్టుకొచ్చింది. కుట్ల నొప్పికి నేను పక్కకు కూడా ఒత్తిగిల్లలేకపోతున్నా. లేపి కూర్చోబెట్టమని చెయ్యి చాపితే, "లేవకమ్మా, నోరు తెరువు చాలు" అంది. వెల్లకిలా పడుకున్నదాన్ని పడుకున్నట్టే, రెండు గోలీలు నాలుక మీద వేసి, సీసా మూతతో ఇన్ని నీళ్ళు పోసింది. మంచం తలవైపు ఎత్తే హ్యాండిల్ కాళ్ళ దగ్గరే ఉంది. ఎవరూ తిప్పలేదు.

ఒక గోలీ దిగింది. రెండోది దిగలేదు, గొంతులో ఎటో పోయింది. దగ్గు మొదలైంది. కడుపు మీద పచ్చి కుట్లు పెట్టుకుని దగ్గడమంటే ఏమిటో అనుభవించినవాళ్ళకే తెలుసు. దగ్గినప్పుడల్లా కుట్లు విడిపోయాయనే అనుకున్నా. అత్తమ్మ లేచి దిండు తెచ్చి నా పొట్టకు అదిమి పట్టుకుంది. కాసేపటికి నోట్లో ఇనుప చిలుము రుచి, ఛాతీలో కుడివైపు లోపల మంట. ఊపిరి పీలిస్తే సన్నగా కూత. నేను చచ్చిపోతున్నానని, ఇంటర్ చదివే నా బిడ్డకు అన్నం ఎవరు పెడతారని, ఇవే ఆలోచనలు.

అత్తమ్మ పోయి డ్యూటీ డాక్టర్‌ను పిలుచుకొచ్చింది. చిన్న పిల్లవాడే. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో స్టెతస్కోపు. "గోలీ అడ్డంపడ్డది సారూ" అని అత్తమ్మ చెప్తే నవ్వాడు. "బలం గోలీయే కదమ్మా, కరిగిపోతది. నీళ్ళు తాగి పడుకోండి. టెన్షన్ పడితేనే దగ్గు ఎక్కువైతది." అంతే, వెళ్ళిపోయాడు. తెల్లారేదాకా దగ్గుతూనే ఉన్నా. బస్టాండు వైపు నుంచి మొదటి బస్సుల హారన్లు వినబడ్డప్పుడు కూడా అత్తమ్మ ఆ దిండు వదల్లేదు. డెబ్భై దాటిన మనిషి.

డిశ్చార్జి కాగితంలో "దగ్గు" అని రాసి దగ్గు మందు సీసా ఇచ్చారు. ఇంటికొచ్చాక కుట్లు మానాయి గానీ దగ్గు మానలేదు. ఒకరోజు తెమడలో ఎర్రటి చార కనబడింది. ఇక ఊరు ఊరుకుంటుందా? టీచరమ్మకు టీబీ అంట అన్నారు. ఇద్దరు తల్లులు పిల్లల్ని సెంటరుకు పంపడం మానేశారు. తెమడ పరీక్షలో టీబీ లేదని తేలాక కూడా వాళ్ళు రాలేదు. వాళ్ళ మీద కోపం లేదని చెప్పలేను. ఇంకో డాక్టరు ఆస్తమా అని పీల్చే మందు రాశాడు. రాత్రి పడుకుంటే కూత కుడివైపు నుంచే వస్తోందని మా ఆయన కనిపెట్టి చెప్పినా ఆ డాక్టరు వినిపించుకోలేదు.

చివరికి ఒక ఛాతీ డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన నా పాత కాగితాలన్నీ పక్కన పెట్టి, "ఈ దగ్గు మొదలైన నిమిషం మీకు గుర్తుందా అమ్మా?" అని అడిగాడు. అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న. చెప్తూ చెప్తూ ఏడ్చేశాను. ఏ గోలీ అని అడిగి, ఐరన్ అనగానే కుర్చీలో ముందుకు జరిగాడు.

బ్రాంకోస్కోపీ చేశారు, అంటే సన్నటి కెమెరా గొట్టం వేసి ఊపిరిగొట్టం లోపల చూశారు. గోలీ లేదు. కుడివైపు కింది గొట్టం గోడ వాచి, పసుపు-గోధుమ రంగుకు తిరిగి, పుండు పడి ఉంది. అక్కడి నుంచి తీసిన చిన్న ముక్కను ల్యాబులో ఒక రంగు మందుతో పరీక్షిస్తే నీలంగా మారిందట. అంటే కండలో ఐరన్ దిగబడి ఉందని లెక్క. డ్యూటీ డాక్టర్ చెప్పింది అక్షరాలా నిజమైంది, కరిగిపోయింది. ఆ కరగడమే కొంప ముంచిందని ఛాతీ డాక్టర్ వివరించాడు. గోలీల్లో వాడే ఫెర్రస్ సల్ఫేట్ తడి తగిలి కరిగితే ఆమ్లగుణం వస్తుంది. పైగా ఆ ఐరన్ ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారుతూ చుట్టూ ఉన్న కణాలను కాల్చేస్తుంది. కడుపుకు మందమైన జిగురు పొర కాపలా ఉంటుంది, అన్నం, నీళ్ళు కూడా తోడు ఉంటాయి. అయినా కొందరికి అక్కడ కూడా మండుతుంది, పుండ్లు పడతాయి. ఊపిరిగొట్టానికి ఆ కాపలా లేదు. పల్లీ గింజ ఇరుక్కుంటే కొన్నాళ్ళ తర్వాతైనా బయటికి తీయవచ్చు. ఐరన్ గోలీ అంతకాలం ఆగదు, గోలీ పోయి పుండు మిగులుతుంది. ఎక్స్‌రేలో కూడా చాలాసార్లు ఏమీ కనబడదు. అనుమానం వచ్చిన రోజే బ్రాంకోస్కోపీ చేసి గోలీ తీసి కడిగితే నష్టం తగ్గేదని ఆయన అన్నప్పుడు నాకు ఆ ఫోను పట్టుకున్న చెయ్యే గుర్తొచ్చింది.

స్టెరాయిడ్లు, యాంటీబయాటిక్‌లు, మళ్ళీ గొట్టం వేసి చూడడం. ఇవన్నీ చెప్పి విసిగించను. పుండు మానింది. మానేటప్పుడు మచ్చ కట్టి గొట్టం కొంచెం సన్నబడింది. ఇంకా సన్నబడితే బెలూన్‌తో వెడల్పు చేస్తారట. ఇప్పటికైతే ఆ అవసరం లేదన్నారు. మెట్లు ఎక్కితే చిన్న కూత వస్తుంది.

రిపోర్టులు పట్టుకుని ఆ నర్సింగ్ హోంకు పోయాం. మేనేజరు కూర్చోమని కూడా అనలేదు. "మా దగ్గర అట్ల జరగదు" అన్నాడు. ఫైల్లో గోలీ అడ్డంపడ్డ సంగతి రాయమంటే రాయలేదు. సిస్టర్ కారిడార్‌లో కనబడి తల దించుకుంది. ఆ పిల్ల మీద నాకు కోపం నిలవదు. ఆ రాత్రి ఆ అంతస్తు మొత్తానికి తనొక్కతే. అర్ధరాత్రి ఇన్ని మంచాలకు ఒక్క మనిషిని పెట్టి, బయట బోర్డుకు మాత్రం లైట్లు పెట్టినవాళ్ళ మీదే నా కోపం. మా ఆయన ఊరుకోమంటారు. నేను జిల్లా వైద్యాధికారికి అర్జీ రాశాను.

ఇంత జరిగినా నా ఒంటికి ఐరన్ కావాలి కదా. ఆ మాట వింటేనే వణుకు. ఐరన్ సుక్రోజ్‌ను సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కించారు, రోజు విడిచి రోజు. మొదటిసారి అక్కడి నర్సు నా పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది, చుక్కలు నెమ్మదిగా పడేట్టు చూస్తూ. ఆమె పేరు అడగడం కూడా మరిచిపోయా. ఇప్పుడు హిమోగ్లోబిన్ పదకొండు.

సెంటర్లో గోలీలు ఇవ్వడం మానలేదు, మానకూడదు కూడా. రక్తం లేక కాన్పులో పోయినవాళ్ళను చూశాను. కాకపోతే ఇప్పుడు అందరూ నిటారుగా కూర్చోవాలి, నిండు గ్లాసు నీళ్ళు తాగాలి, మింగిన వెంటనే నడుం వాల్చకూడదు. నమలొద్దు, చప్పరించొద్దు, నోట్లో నానబెట్టొద్దు, నోరు పుండ్లు పడుతుంది. ఇంట్లో పక్షవాతం వచ్చినవాళ్ళు, మింగలేని ముసలివాళ్ళు ఉంటే గోలీకి బదులు ఇంకేమైనా ఇవ్వమని డాక్టరునే అడగండి. గోలీ మింగాక దగ్గు పట్టుకుని తగ్గకపోతే, అది ఐరన్ గోలీ అని గట్టిగా చెప్పండి. నవ్వితే నవ్వనీయండి.

ఇంకొకటి, మా ఆయమ్మ మనవడి వల్ల గుర్తొచ్చింది. వాడు ఎర్ర గోలీలను చాక్లెట్లనుకుని స్ట్రిప్పు చించబోయాడు. మింగలేదు, దేవుడి దయ. 10 కిలోల పిల్లవాడు నాలుగు గోలీలు మింగినా వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు, పది దాటితే ప్రాణం మీదికి వస్తుంది. కొన్ని గంటలకు వాంతులు ఆగి పిల్లవాడు మామూలుగా ఆడుకోవచ్చు. దాన్ని నమ్మి ఇంటికి తెచ్చుకోవద్దు. లోపల కాలేయం దెబ్బతినేది ఆ తర్వాతే. విరుగుడు ఇంజెక్షన్ పెద్దాసుపత్రుల్లో ఉంటుంది. డబ్బా పట్టుకుని, ఎన్ని మింగాడో లెక్క పట్టుకుని వెంటనే పరుగెత్తాలి.

అత్తమ్మ ఆ రాత్రే మొక్కిందట, కోడలు బతికితే మేడారంలో సమ్మక్క-సారలమ్మలకు నిలువెత్తు బంగారం, అంటే నా బరువంత బెల్లం, ఇస్తానని. నేను చిక్కి సగమైనప్పుడు, ఇప్పుడే తూయిస్తే బెల్లం తక్కువ పడుతుందని మా ఆయన ఎగతాళి చేశారు. అత్తమ్మ ఒప్పుకోలేదు, పిల్ల కోలుకున్నాకే తూకం అంది. జాతర దగ్గరికొస్తోంది. నేను పాత బరువు దాటి ఇంకో నాలుగు కిలోలు పెరిగాను. మా ఆయన కిరాణం కొట్లో బెల్లం ధర కనుక్కుని వచ్చి నా వైపు గుర్రుగా చూస్తున్నారు.